సాక్ష్యం చెప్పాలని ఉన్న తమ్ముడికి

తమ్ముడూ, ప్రభువు నామంలో వందనాలు.

ఆఫీసులో వాళ్లకి, చుట్టుపక్కల వాళ్లకి యేసు గురించి చెప్పాలని ఉంది, కానీ నోరు తెరవాలంటే టెన్షన్, ఎలా మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. చెప్తాను. దానికన్నా ముందు ఒక పని చెయ్యి. ఎవరు యేసును నమ్మి రక్షణ పొందితే నీకు లోపల ఎక్కడో నచ్చదో కాస్త ఆలోచించు. నిజంగానే అడుగుతున్నా. మన దేశానికి పడని దేశం వాళ్లు, మనల్ని హేళన చేసేవాళ్లు, ఉద్యోగంలో నిన్ను తొక్కేసిన మనిషి... ఎవరో ఒకరు ఉండే ఉంటారు.

యోనా గ్రంథాన్ని మనం పిల్లలకి చేప కథగా చెప్పేసి వదిలేస్తాం, అసలు సంగతంతా చేప అయిపోయాకే ఉంది. నీనెవెకి వెళ్లి ప్రకటించమని దేవుడు పంపితే, ప్రవక్త యోనా మొదట పారిపోయాడు. నీనెవె అష్షూరు వాళ్ల పట్టణం, ఇశ్రాయేలుకు ఆ పేరు వింటేనే వణుకు. క్రీ.పూ. 722 ప్రాంతంలో ఇశ్రాయేలు రాజధాని షోమ్రోనును పట్టుకుని జనాన్ని చెరపట్టుకుపోయింది ఆ అష్షూరే. అలాంటి ఊళ్లో యోనా ప్రకటించింది, రాసి ఉన్నంతవరకు, ఒక్క వాక్యం: ఇంకా 40 రోజుల్లో ఈ పట్టణం నాశనమవుతుంది. అంతే, రాజుతో సహా ఊరు ఊరంతా పశ్చాత్తాపంతో గోనెపట్ట కట్టుకుని దేవుని వైపు తిరిగింది. ఏ సువార్తికుడికైనా ఇంకేం కావాలి? యోనాకి మాత్రం చచ్చిపోవాలన్నంత కోపం వచ్చింది. నువ్వు కనికరం గలవాడివని నాకు ముందే తెలుసు, అందుకే పారిపోయాను అని దేవుడితోనే గొడవపడ్డాడు. కుడి ఎడమ తెలియని 1,20,000 మందికి పైగా జనం ఉన్నారు, పశువులు కూడా ఉన్నాయి, వాళ్ల మీద నేను జాలిపడొద్దా అని దేవుడు అడిగిన దగ్గర పుస్తకం ఆగిపోతుంది, యోనా ఏం జవాబిచ్చాడో రాయలేదు.

చూశావా, ప్రేమ లేకుండా కూడా సువార్త చెప్పొచ్చు, ఫలితం కూడా రావొచ్చు. ఇది నన్ను చాలా భయపెట్టే సంగతి. నీనెవెతో పని అయిపోయాక కూడా దేవుడు యోనాని వదల్లేదు, సొరచెట్టు మొలిపించి, పురుగుతో తినిపించి, ఎండలో కూర్చోబెట్టి మరీ మాట్లాడాడు. కాబట్టి నీకు నచ్చని ఆ మనిషి పేరు పెట్టి రోజూ ప్రార్థన చెయ్యి. మార్చు ప్రభువా అని ఒక్క ముక్క అనేసి లేవకు. వాళ్ల పిల్లల చదువు గురించి, వాళ్ల అమ్మ మోకాళ్ల నొప్పి గురించి అడుగు. అలా అడగాలంటే ముందు అవి నీకు తెలిసుండాలి కదా, తెలుసుకోడానికి వాళ్లతో కూర్చోవాలి. అక్కడే సగం పని అయిపోతుంది.

ఇక మాట మొదలుపెట్టడం గురించి. సమరయలోని సుఖారు ఊరి బావి దగ్గర మధ్యాహ్నం ఎండలో అలిసిపోయి కూర్చున్న యేసు, సమరయ స్త్రీతో మొట్టమొదట అన్నది దాహానికి ఇమ్మనే. బావి లోతు, చేదుకోడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. యూదులు సమరయులతో పొత్తు పెట్టుకోని రోజుల్లో ఆమె చేతి నీళ్లు అడిగాడు. మనమేమో ఎప్పుడూ ఇచ్చేవాళ్లలాగే వెళ్తాం, మా దగ్గర ఉంది, మీ దగ్గర లేదు అన్నట్టు. నీకూ అవసరాలున్నాయి. వాళ్ల సాయం అడుగు, వాళ్లు పెట్టింది తిను, వాళ్లు చెప్పే పని నేర్చుకో.

మా పై అంతస్తులో ఉండే ఒకావిడ భర్తకి గుండె ఆపరేషన్ జరుగుతుంటే హాస్పిటల్‌కి వెళ్లాను. ఆవిడ నన్ను చూసి, మెల్లిగా, "ప్రార్థన చెయ్యండి అన్నయ్యగారూ, కానీ పైకి వద్దు, మా అత్తగారు పక్కనే ఉన్నారు" అంది. సరే అన్నాను. ఆవిడ ఫోన్ ఆగిపోయే స్థితిలో ఉంది, చార్జర్ పట్టుకుని ప్లగ్ ఎక్కడుందా అని రెండు అంతస్తులు తిరిగి, ఒక మూల ఫోన్ పెట్టి, దాని పక్కనే నిలబడి కళ్లు మూసుకోకుండానే ప్రార్థించాను. చాలా రోజులకి మెట్ల మీద ఎదురై, ఆ రోజు మనసులో ఏమని అడిగారు అంది. అప్పుడు చెప్పాను, యేసు ఎవరో, నాకు ఏం చేశాడో. నిలబడే విన్నది. ఇప్పటికీ ఆవిడ పూజ ఆవిడదే, మా ఇళ్ల మధ్య రాకపోకలు అలాగే ఉన్నాయి, నేను ఆవిడ కోసం ప్రార్థించడం మానలేదు.

సాయం చేస్తే దానికి వెల పెట్టకు. లూకా 17లో పదిమంది కుష్ఠురోగులు బాగుపడ్డారు, తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడే, వాడూ సమరయుడే. మిగతా తొమ్మిదిమంది ఏరి అని యేసు అడిగాడు, ఆ బాధ ఆయనకీ ఉంది, కానీ వాళ్లకిచ్చిన స్వస్థతని వెనక్కి తీసుకోలేదు. బియ్యం ఇచ్చి, ఫీజు కట్టి, ఆదివారం చర్చికి రమ్మంటే అది బేరం. సాయం అందుకున్నవాళ్ల ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టడం కూడా మానెయ్యి, దయచేసి. చెయ్యి చాచిన మనిషి మొహం ఊరందరికీ చూపించే హక్కు నీకెవరిచ్చారు?

ఎవరి దేవుణ్ణీ దేవతనీ తిట్టకు. అపొస్తలుడైన పౌలు ఎఫెసు పట్టణంలో చాలాకాలం బోధించాడు, దాని వల్ల పెద్ద అల్లరే జరిగింది, అయినా ఆ ఊరి కరణమే జనం ముందు నిలబడి, వీళ్లు గుడి దోచలేదు, మన దేవతను దూషించలేదు అని సాక్ష్యం చెప్పాడు (అపొస్తలుల కార్యములు 19). మన గురించి బయటివాళ్లు ఆ మాట అనగలరా? పౌలు చెప్పాల్సింది ఏదీ దాచుకోలేదు, నువ్వూ దాచుకోనక్కర్లేదు, యేసే ప్రభువని నమ్ముతున్నావు కాబట్టి అదే చెప్పు. యేసు శిష్యుడు పేతురు తన మొదటి పత్రికలో రాసినట్టు సాత్వికంతో, భయంతో చెప్పు. మనలో చాలామందికి ఆ వచనంలో "సమాధానం చెప్పుటకు సిద్ధముగా" అన్నంతవరకే గుర్తుంటుంది.

రోగంలో, దుఃఖంలో ఉన్నవాళ్ల దగ్గర మరీ జాగ్రత్త. స్వస్థత కోసం ప్రార్థించు, అడిగితేనే. బాగైపోతావని మాట ఇవ్వకు, మందులు మానమని పొరపాటున కూడా అనకు.

వాదనలోకి దిగకు. నీకు తెలియని ప్రశ్న అడిగితే తెలియదని చెప్పు, కనుక్కుని చెప్తానను. గెరాసేనుల దేశంలో దయ్యాలు వదిలిన మనిషికి యేసు అప్పగించిన పని, ఇంటికెళ్లి ప్రభువు తనకు చేసినదాన్ని తనవారికి చెప్పమని మాత్రమే. అతనికేం బైబిల్ ట్రైనింగ్ లేదు, దెకపొలి అనే ఆ ప్రాంతమంతా తిరిగి చెప్పాడు.

వద్దంటే ఆగిపో. ఉన్నదంతా అమ్మి బీదలకిచ్చి నన్ను వెంబడించు అని యేసు అంటే, ఆస్తి గల యౌవనుడు మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు; యేసు వెంటపడి షరతు తగ్గించలేదు, కానీ ఆ మాట చెప్పేముందే అతన్ని చూసి ప్రేమించాడని మార్కు రాశాడు. వద్దన్న మర్నాడు కూడా నువ్వు అదే నవ్వుతో పలకరించగలగాలి. అలా పలకరించలేకపోతే మళ్లీ యోనా నాలుగో అధ్యాయం తీసి చదువు.

ఎంతమందికి చెప్పావు, ఎన్ని ఆత్మలు వచ్చాయి, అంటే ఎంతమంది నమ్మారు అని సంఘంలో ఎవరైనా లెక్క అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. అంకె చెప్పకు. ఎవరికి ఉద్యోగం పోయింది, ఎవరింట్లో గొడవగా ఉంది, ఎవరి దగ్గర్నుంచి వారం రోజులుగా ఫోన్ రాలేదు, వాళ్ల ఇష్టంతో చెప్పగలిగినంత చెప్పి, వాళ్ల కోసం అందరితో ప్రార్థన చేయించు. నాకు కూడా రాయి, నా ప్రార్థనలో కలుపుకుంటాను.

ప్రేమతో,
అన్నయ్య