డాక్టర్ సలహా: అవసరం లేకుండా గర్భసంచి తీసేశారు, నష్టపరిహారం కోరవచ్చా?

ప్రశ్న: నా వయసు 36 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా అవుతోందని 14 నెలల క్రితం మా పట్టణంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాను. స్కానింగ్‌లో రెండు సెంటీమీటర్ల గడ్డ ఉందని, వదిలేస్తే క్యాన్సర్ అవుతుందని చెప్పి, మూడో రోజే గర్భసంచితోపాటు రెండు అండాశయాలనూ తీసేశారు. అండాశయాల సంగతి ముందు చెప్పలేదు. బయాప్సీలో క్యాన్సర్ లేదని, అండాశయాలు మామూలుగానే ఉన్నాయని వచ్చింది. అప్పటినుంచి ఒంట్లో వేడి ఆవిర్లు, కీళ్ల నొప్పులు, నిద్ర పట్టకపోవడం. ఈ ఆపరేషన్ అవసరమే లేదని మరో డాక్టరు అంటున్నారు. న్యాయపరంగా ఏం చేయవచ్చు? – ఒక పాఠకురాలు, తెలంగాణ

సలహా: మీ ఉత్తరం చదివి చాలా బాధ కలిగింది. పరిహారం విషయానికి వచ్చేముందు మీ ఆరోగ్యం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అది వాయిదా వేయదగినది కాదు. 36 ఏళ్లకే రెండు అండాశయాలూ తీసేస్తే నెలసరి ఆగిపోయే దశ ఒక్కసారిగా వచ్చిపడుతుంది. ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు కూడా పెరుగుతుంది. రొమ్ము క్యాన్సర్, రక్తనాళాల్లో గడ్డలు కట్టడం వంటి ఇబ్బందులేవీ లేకపోతే, సహజంగా నెలసరి ఆగే వయసు వరకు, అంటే సుమారు 50 ఏళ్లు వచ్చేదాకా, ఈస్ట్రోజెన్ (అండాశయాలు తయారుచేసే స్త్రీ హార్మోన్) వాడటం మేలు. గర్భసంచి లేదు కనుక సాధారణంగా అదొక్కటే సరిపోతుంది. గైనకాలజిస్టును కలిసి ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకోండి. ఆ చీటీలు, బిల్లులు అన్నీ దాచండి. మీకు జరిగిన నష్టానికి రేపు అవే రుజువులు.

ఆపరేషన్ అవసరమా కాదా అన్నది ఉత్తరం చూసి తేల్చలేను. అయితే రెండు సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో పెరిగే మామూలు గడ్డ) క్యాన్సర్‌గా మారుతుందని చెప్పి భయపెట్టడం సరికాదు, అలా జరగడం చాలా అరుదు. అధిక రక్తస్రావానికి ముందు ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలో, హార్మోన్ మాత్రలో, గర్భసంచిలో అమర్చే హార్మోన్ పరికరమో వాడి చూస్తారు. వాటిలో ఏదీ ప్రయత్నించకుండా మూడో రోజే ఆపరేషన్ చేశారంటే ఎందుకని అడిగే హక్కు మీకుంది. ఇది మీ ఒక్కరి బాధ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశవ్యాప్తంగా మూడు శాతం పైచిలుకు ఉంటే, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎనిమిది శాతానికి మించి ఉన్నారు. ఇటువంటి ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇవ్వగా, వాటిని మూడు నెలల్లో అమలులోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

బయాప్సీలో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన డాక్టరు నిర్లక్ష్యం రుజువైపోదు. నా అభిప్రాయంలో మీ కేసుకు అసలైన బలం అనుమతి విషయంలో ఉంది. సమీరా కోహ్లీ కేసులో, పరీక్ష కోసం మాత్రమే అంగీకరించిన మహిళకు, ఆమె మత్తులో ఉండగా తల్లి సంతకం తీసుకుని గర్భసంచి, అండాశయాలు తొలగించారు. చికిత్స ఎంపికలో తప్పు లేదని భావించినప్పటికీ, రోగి అనుమతి లేకుండా చేయడం సేవా లోపమేనని 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయితే ఆమెకు ఇప్పించిన పరిహారం 25 వేల రూపాయలే, పైగా ఫీజు వసూలు చేసుకోరాదని డాక్టరును ఆదేశించింది. అందుకే మీరు వాస్తవిక అంచనాతో ముందుకు వెళ్లాలి, మందుల ఖర్చును, ముందుముందు అయ్యే చికిత్స ఖర్చును లెక్కగట్టి అడగాలి.

కాబట్టి మీరు చేయవలసిన మొదటి పని రికార్డులు తెప్పించుకోవడం. కేస్ షీట్, అనుమతి పత్రం, ఆపరేషన్ నోట్సు, మత్తు డాక్టరు నోట్సు, స్కానింగ్, బయాప్సీ రిపోర్టుల నకళ్లు కావాలని లిఖితపూర్వకంగా అడిగి, రసీదు తీసుకోండి. వైద్య వృత్తి నియమావళి ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. మూడేళ్లు భద్రపరచాలి కూడా. బయాప్సీ స్లైడ్లను మరో పాథాలజిస్టుకు చూపించే ఏర్పాటు చేసుకోండి. అనుమతి పత్రం చేతికి రాగానే దాన్ని నిదానంగా చూడండి: ఆపరేషన్ పేరు రాయవలసిన ఖాళీలో ఏముంది, అండాశయాల మాట ఉందా, ఉంటే అదే సిరాతో, అదే చేతిరాతతో ఉందా, మీరు చదవగలిగిన భాషలో ఉందా, సంతకం మీదా మీ భర్తదా, తేదీ, సమయం ఎప్పటివి. మీరు సొంతంగా సంతకం చేయగల స్థితిలో ఉన్నప్పుడు మీ వారి సంతకం ఒక్కటీ చాలదు.

తర్వాత వినియోగదారుల కమిషన్. వైద్యసేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తాయని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఘటన జరిగిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి, అంటే మీకు పది నెలలే ఉన్నాయి. మీరు ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు. ఆసుపత్రికి చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు ఉండదు. ప్రతి కేసులోనూ నిపుణుల సాక్ష్యం తప్పనిసరి కాదని, హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2010లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా మరో గైనకాలజిస్టు లిఖితపూర్వక అభిప్రాయం ఉంటే మీ వాదనకు బలం. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది, ముందు అక్కడికి వెళ్లండి. డాక్టరుపై వృత్తిపరమైన చర్య కోరుతూ తెలంగాణ వైద్య మండలికి విడిగా ఫిర్యాదు చేయవచ్చు, కానీ అక్కడ పరిహారం రాదు. పోలీసు కేసుతో మొదలుపెట్టవద్దు; దానికి ఘోరమైన నిర్లక్ష్యం రుజువు కావాలి.

మీ ఫిర్యాదుపై నోటీసు అందగానే ఆసుపత్రివారు రాజీకి పిలవవచ్చు. మీ న్యాయవాది చదవనిదే ఏ కాగితం మీదా సంతకం చేయకండి, అసలు రిపోర్టులు ఎవరి చేతికీ ఇవ్వకండి.