మోకీలు మార్పిడి చేసేటప్పుడు బీపీ ఎందుకు పడిపోతుంది?

ప్రశ్న: మా అమ్మగారికి 71 ఏళ్లు. పన్నెండేళ్లుగా బీపీ, షుగర్ ఉన్నాయి. రోజూ ఉదయం టెల్మిసార్టాన్ మాత్ర వేసుకుంటారు. వచ్చే నెల మోకీలు మార్పిడి ఆపరేషన్ ఉంది. ఇదే ఆపరేషన్‌లో మా బంధువు ఒకరికి బీపీ పడిపోతే, పెరగడానికి మందు ఎక్కించారట. అమ్మ గుండె తట్టుకుంటుందా అని భయంగా ఉంది.

జవాబు: మీ భయం అర్థమైంది. అయితే, మందు ఎక్కించారంటే గుండె చేతులెత్తేసిందని కాదు. చాలామందిలో అది మత్తు ప్రభావమే. నడుము దగ్గర వెన్నులో ఇచ్చే మత్తు, నొప్పిని తెలిపే నరాలతో పాటు రక్తనాళాలను బిగువుగా ఉంచే నరాలనూ పనిచేయనివ్వదు. నాళాలు వదులై రక్తం కాళ్లలో నిలిచిపోతుంది, గుండెకు తిరిగి చేరేది తగ్గుతుంది. వయసులో ఉన్నవారి శరీరం దీన్ని వెంటనే సర్దుకుంటుంది. పెద్దవయసులో, ఏళ్ల తరబడి బీపీ ఉన్నవారిలో నాళాలు గట్టిపడి ఉంటాయి. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే, ఆ సర్దుబాటు చేసే నరాలు కూడా దెబ్బతిని ఉండవచ్చు. అందుకే బీపీ ఎక్కువగా ఉండేవారికే ఆపరేషన్ బల్ల మీద అది ఎక్కువగా పడిపోతుంటుంది.

మీ అమ్మగారి విషయంలో నేను మొదట చూసేది ఆ ఉదయం మాత్రనే. టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటివి వేసుకుని వస్తే, పడిపోయిన బీపీ ఒక పట్టాన పైకి రాదు. అందుకే వీటిని 24 గంటల ముందు ఆపమని చాలామంది మత్తు డాక్టర్లు చెబుతారు. సొంతంగా మాత్రం ఆపవద్దు. మెటోప్రోలాల్, అటెనోలాల్ లాంటి వేరే రకం బీపీ మాత్రలు హఠాత్తుగా మానేస్తే గుండెకే ప్రమాదం. షుగర్ మందులతో సహా వాడుతున్న స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్లి మత్తు డాక్టర్‌కు చూపించండి.

ఇంట్లో ఒక పని చేయండి. అమ్మగారిని ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. తర్వాత పట్టుకుని నిలబెట్టి, ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ తగ్గినా, కళ్లు తిరిగినా ఆ విషయం తప్పక చెప్పండి. రక్తహీనత ఉంటే ముందే సరిచేయించాలి. గుండె కవాటం ఇరుకై ఉంటే మత్తు ఇచ్చే పద్ధతినే మార్చాల్సి రావచ్చు. నడిస్తే ఆయాసం, ఛాతీలో నొప్పి ఉంటే ఎకో (గుండె స్కాన్) అవసరం. మంచినీళ్లు సాధారణంగా రెండు గంటల ముందు వరకు తాగనిస్తారు. షుగర్ ఉన్నవారిలో కడుపు నెమ్మదిగా ఖాళీ కావచ్చు కాబట్టి అదీ అడిగి తెలుసుకోండి.

ఆపరేషన్‌లో మత్తు డాక్టర్లం మేం కళ్లలో వత్తులు వేసుకుని చూసే ఘడియలు కొన్ని ఉంటాయి: మత్తు ఇచ్చిన తొలి నిమిషాలు, ఎముకకు సిమెంట్ పెట్టేటప్పుడు, రక్తం ఆపడానికి తొడకు బిగించిన పట్టీ వదిలినప్పుడు. బీపీ పెంచే ఫినైలెఫ్రిన్ లేదా ఎఫెడ్రిన్ మందు నింపిన సిరంజి, పేరు రాసి, అప్పటికే చేతికందే చోట ఉంటుంది. మీ బంధువుకు ఇచ్చిందీ బహుశా ఇలాంటి మందే అయి ఉంటుంది.

ఆపరేషన్ తర్వాత అమ్మగారిని మొదటిసారి లేపి నిలబెట్టేటప్పుడు పక్కన సిబ్బంది ఉండాలి. బీపీ మాత్ర మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి.