వెజేర్ లోయలో సైకిల్

ప్రశ్న: ప్రతి ఆదివారం గుంటూరు నుంచి అమరావతికి సైకిల్ తొక్కుతాను. వయసు 52. జూన్‌లో ఫ్రాన్స్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. వెజేర్ నది లోయలో తొక్కగలనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: తప్పకుండా తొక్కగలరండీ. మోంటిన్యాక్ నుంచి లెజెజీ దాకా సుమారు 25 కిలోమీటర్లు, మీ అమరావతి దారి కన్నా తక్కువే. నది వదిలి పక్కకు తిరిగితేనే ఎత్తులు.

మోంటిన్యాక్‌లో ముందు ఆదిమానవులు బొమ్మలు గీసిన లాస్కో గుహ చూడండి. 1940లో కుర్రాళ్లు కనిపెట్టిన అసలు గుహను, జనం ఊపిరికే బొమ్మలు పాడవుతున్నాయని 1963లో మూసేశారు. ఇప్పుడు చూపించేది 2016లో తెరిచిన నకలు. నకలే కదా అని వదలకండి, ఆ ఎద్దుల ముందు నాకు మాట రాలేదు.

దారిలో రోక్ సెయింట్ క్రిస్టోఫ్ దగ్గర రెండు గంటలు ఆగండి. కిలోమీటరు పొడవున కొండగోడలో అరలు, మధ్యయుగాల దాకా మనుషులు కాపురమున్నారు. ఉండవల్లి గుహలెక్కి కృష్ణను చూస్తూ పెరిగిన విజయవాడదాన్ని. అక్కడ నిలబడి కింద నదిని చూస్తే కళ్లు చెమర్చాయి.

ఒక్క జాగ్రత్త. అక్కడ కుడివైపు తొక్కాలి. మొదటిరోజు అలవాటుగా ఎడమకు తిరిగాను, ఎదురుగా ట్రాక్టర్! మధ్యాహ్నం పల్లెల్లో చాలా కొట్లు మూసేస్తారు. నీళ్లు, బ్రెడ్డు పొద్దున్నే కొని పెట్టుకోండి.