ఎంబీబీఎస్ సీటు రాని బైపీసీ వాళ్లు బీఎస్సీలో చేరితే భవిష్యత్తు ఉంటుందా?

ఉంటుంది. లేనిదల్లా ఏడాది తర్వాత ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో కూర్చునేవాళ్లకే. నేను రెండేళ్లు కూర్చున్నాను కాబట్టి చెబుతున్నా. అప్పట్లో మెడిసిన్‌కి రాసే ఎంసెట్‌లో మొదటిసారి వచ్చిన ర్యాంకే నయం, రెండోసారిది ఇంకా అధ్వానం. చివరికి మా ఊరి దగ్గర డిగ్రీ కాలేజీలో బీఎస్సీ బీజెడ్సీలో (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చేరాను. పెళ్లిళ్లలో ఎవరైనా "ఏం చదువుతున్నావు బాబూ" అని అడిగితే నేను నోరు తెరిచేలోపే మా నాన్న మాట మార్చేసేవారు.

ఆ మూడేళ్లూ మైక్రోస్కోపులు బీరువాలో ఉండేవి, తాళం అటెండరు జేబులో ఉండేది. రికార్డులో హైడ్రా బొమ్మ ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు, బతికున్న హైడ్రాను ఒక్కసారీ చూడలేదు. బయాలజీకి విలువ లేదని అందరూ అంటారు గానీ, ఇలా నేర్పితే ఏ సబ్జెక్టుకి మాత్రం విలువ ఉంటుంది? ఎమ్మెస్సీ మైక్రోబయాలజీలో మాత్రం ఒక మేడం దొరికారు. నెగటివ్ కంట్రోల్, అంటే అసలు నమూనా లేకుండా ఉత్త నీళ్లతో చేసే సరిచూపు పరీక్ష, పెట్టకుండా ఏ ఫలితం చూపించినా కాగితం మొహాన కొట్టేవారు. అప్పట్లో తిట్టుకున్నాను.

2015లో భీమవరంలో ఒక ఆక్వా ల్యాబ్‌లో చేరాను. జీతం 11,000. ఒకరోజు తెల్లవారుజామున ఐదింటికి కాళ్ల మండలం వైపు నుంచి ఒక పెద్దాయన థర్మోకోల్ డబ్బాలో రొయ్యలు పట్టుకుని వచ్చారు. ఐదెకరాల కౌలు చెరువు, వెనామీ రకం రొయ్య, యాభై రోజుల పంట. రాత్రి రొయ్యలన్నీ గట్టుకు చేరాయట. "వైట్‌స్పాటేనా అండీ? పట్టేయమంటారా?" ఆయన చేయి వణుకుతోంది. తొంభైల్లో టైగర్ రొయ్యను ఊడ్చిపెట్టిన వైరస్ అది, దానికి మందు లేదు. నిజంగా అదే అయితే చేతికందినంత పట్టి అమ్ముకోవాలి. అది కాకపోతే యాభై రోజుల రొయ్యను చిన్న సైజులోనే తెగనమ్ముకున్నట్టు.

తల డిప్ప ఒలిచి వెలుతురుకి పెట్టి చూశాను. మచ్చలు ఉన్నట్టూ ఉన్నాయి, లేనట్టూ ఉన్నాయి. వైరస్ డీఎన్‌ఏ ఉందేమో చూసే పీసీఆర్ పరీక్ష పెట్టాను. పదకొండింటికి ఫలితం కనిపించే జెల్ చూస్తే ఆయన రొయ్యల వరుసలో (లేన్‌లో) బ్యాండ్ వచ్చింది, అంటే వైరస్ ఉందని చెప్పే గీత. పక్కనే ఉత్త నీళ్లు పోసిన లేన్‌లోనూ వచ్చింది! అంటే ఎక్కడో నా చేతిలోనే కలుషితమైంది, ఆ ఫలితం చెల్లదు. ఓనరు మాత్రం "పాజిటివ్ అని రాసిచ్చెయ్యవయ్యా, ఇంకో ముగ్గురు కూర్చున్నారు" అన్నాడు. నేను ఇవ్వలేదు. ధైర్యం అనుకునేరు, మేడం మొహం గుర్తొచ్చింది, అంతే. కొత్త నీళ్లు, కొత్త టిప్పులు తీసుకుని మొదటి నుంచి మళ్లీ చేశాను. పెద్దాయన మెట్ల మీద కూర్చుని టీ మీద టీ తాగారు. సాయంత్రం ఐదింటికి నీళ్ల లేన్ ఖాళీ, ఆయన లేనూ ఖాళీ. వైరస్ ఉందని ముందే తెలిసిన నమూనా, అదే పాజిటివ్ కంట్రోల్, మాత్రం చక్కగా వెలిగింది.

మరి రొయ్యలు గట్టుకి ఎందుకు చేరాయి? తిప్పితిప్పి అడిగితే వాళ్లబ్బాయి ఫోన్‌లో ఒప్పుకున్నాడు: రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ వెయ్యకుండా నిద్రపోయాడు. నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఆగి ఆక్సిజన్ పడిపోయింది. ఆ పంట చివరికి 60 కౌంట్‌కి, అంటే కిలోకి 60 రొయ్యలు తూగే సైజుకి, పట్టారు. ఆ పెద్దాయన ఇప్పటికీ ఫోన్ చేస్తే "డాక్టరు గారూ" అనే పిలుస్తారు. ఎన్నోసార్లు వద్దన్నాను, వినరు.

అన్నట్టు, భీమవరంలోనే పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారికీ మద్రాసులో ఎంబీబీఎస్ ఇవ్వలేదు, అంతకంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టారు. 1925లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టి బయోకెమిస్ట్రీలో పేరు నిలుపుకున్నారు. మా ల్యాబ్‌కి వచ్చే కుర్రాళ్లలో సగం మందికి ఆయన ఎవరో తెలియదు, అది వేరే బాధ.

మీ ప్రశ్నకి వస్తే, నా క్లాసువాళ్లలో ఇద్దరు బీఈడీ చేసి డీఎస్సీలో బయాలజీ టీచర్లయ్యారు, నలుగురైదుగురు హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్‌లో (రోగుల రికార్డులకి కోడ్‌లు వేసే పని) ఉన్నారు, ఒకమ్మాయి జడ్చర్లలో ఫార్మా కంపెనీలో మందుల నాణ్యత చూసే క్యూసీ విభాగంలో ఉంది. ఇంకొకడు పరిశోధన ఫెలోషిప్ కోసం రాసే సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష కొట్టి పీహెచ్‌డీలో చేరాడు. ఆ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) 2023 నుంచి నెలకి 37,000, ఇంటి అద్దె భత్యం అదనం. మెడికల్ కోడింగ్ మీద నాకు చిన్నచూపు లేదు గానీ, దానికోసమే అయితే మూడేళ్లు బాటనీ చదవక్కర్లేదు. ఉత్త బీఎస్సీతో ఆగితే మాత్రం కష్టమే. ఎమ్మెస్సీ చేయాలి, లేదా చేతిపని ఏదైనా గట్టిగా నేర్చుకోవాలి.

అడ్మిషన్‌కి వెళ్లినప్పుడు హాస్టల్, బస్సు గురించి తర్వాత అడగొచ్చు. ముందు ల్యాబ్ తాళం ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కోండి.