ఎంఏ మీదికి చెయ్యి పోకముందే

చిట్టితల్లీ,

నీకు సీటీ స్కాన్ విభాగంలో ఉద్యోగమొచ్చిందనీ, మొదటి నెలే నైట్ డ్యూటీ వేశారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో నా తరవాత ఈ పనిలోకి వచ్చింది నువ్వే. సంతోషంతో పాటు గుబులూ పట్టుకుంది, అందుకే రాస్తున్నా.

ఖాళీ మెషీన్‌ని సరిచూసే ఎయిర్ కాలిబ్రేషన్ మానకు, బొమ్మలో రింగులొస్తాయి. గొలుసులు, పిన్నీసులు తీయించు. గర్భం సంగతి అడగడం మరవకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయమంతా సెంటరింగ్ గురించి, అంటే మనిషిని మెషీన్ రింగు నడిమధ్యకు తేవడం గురించి. నేను పనిచేసిన ఒకచోట పొట్ట స్కాన్లన్నీ ఇసక చల్లినట్టు వచ్చేవి. ట్యూబు పాతబడిందన్నారు. ఎంఏ, అంటే ఎక్స్‌రే ట్యూబు కరెంటు, పెంచారు, కొన్నాళ్లకు మళ్లీ పెంచారు. ఆ ఇసక, అదే నాయిస్, సగం కావాలంటే రేడియేషన్ డోసు నాలుగు రెట్లు పెట్టాలి. అదంతా పేషెంటు ఒంట్లోకేగా పోయేది! ట్యూబు చూడ్డానికొచ్చిన ఇంజనీరు అసలు సంగతి పట్టుకున్నాడు. తొందరలో టేబుల్‌ని చాలినంత లేపడం లేదు. స్కాన్‌కి ముందు కొలత కోసం తీసే బొమ్మ, టోపోగ్రామ్‌కి మా మెషీన్లో ట్యూబు పైన ఉండేది. మనిషి కిందికుంటే దానికి దూరమై సన్నగా కనిపిస్తాడు, మెషీన్ ఆ కొలతే నమ్మి కరెంటు తగ్గిస్తుంది. పైగా అంచుల్లో ఎక్స్‌రేని తగ్గించే బౌటై ఫిల్టర్ మందపాటి అంచు ఒంటికి అడ్డమొస్తుంది. పక్కనుంచి పడే లేజర్ గీత ఒంటి మందంలో సగానికొచ్చేదాకా లేపి తీస్తే పాత ఎంఏకే బొమ్మ తేటపడింది. కానీ అప్పటిదాకా పెంచిన సెట్టింగుతోనే పసిపిల్లలకూ తీశారు తల్లీ. వాళ్ల ముఖాలు నాకింకా గుర్తే.

అందుకని బొమ్మ బాగాలేకపోతే ముందు టేబుల్ ఎత్తు చూడు. తరవాత స్లైసు మందం, బొమ్మ పదును మార్చే కెర్నల్ చూడు. కాలేయాన్ని ఒక మిల్లీమీటరు స్లైసులో, షార్ప్ కెర్నల్‌తో చూస్తే గరుగ్గా ఉండక ఏం చేస్తుంది? ఐదు మిల్లీమీటర్లకు, స్మూత్ కెర్నల్‌కు మార్చి చూడు. మళ్లీ స్కాన్ తీయక్కర్లేదు. నాయిస్‌ని లెక్కలతో తగ్గించే ఇటరేటివ్ రీకన్‌స్ట్రక్షన్ ఉంది కదా అని బలం మరీ పెంచకు, చిన్న మచ్చలు అందులో కలిసిపోతాయి.

ఇంకోటి, ఊపిరి. మెషీన్లో రికార్డు గొంతు హిందీలో చెబితే పల్లె నుంచొచ్చిన అవ్వకేం తెలుస్తుంది? పక్కన నిలబడి, "గాలి పీల్చుకో అవ్వా, బిగబట్టు" అని రెండుసార్లు చేయించాకే బయటికి రా. చిన్నప్పట్నుంచీ నీ మాట మెత్తన, నీ దగ్గర ఎవరూ బెదరరు.

నీకు తగిలే రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి బ్యాగులో వదిలేశావని తెలిస్తే మాత్రం ఊరుకోను. ఏప్రన్ లోపల, ఛాతీ దగ్గర పెట్టుకో. రాత్రిపూట టీలతో సరిపెట్టకుండా అన్నం తిను. చేరిన రోజే పిల్లల ప్రోటోకాల్లో కేవీ (ట్యూబు వోల్టేజీ), ఎంఏ ఎంతెంత పెట్టారో చూసి నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా పర్లేదు, ఎత్తుతా.

మీ పెద్దమ్మ