ఎన్నారై సందేహాలు: పాపను సాకర్‌లో చేర్చమంటారా?

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గరికి వచ్చి ఐదు నెలలైంది. పాపకు పదేళ్లు. స్కూల్లో నోరు విప్పడం లేదని టీచర్ చెప్పారు. తనేమో సాకర్ ఆడతానంటోంది. మావారు ముందు మ్యాథ్స్ ట్యూషన్ అంటున్నారు. ఎండలో నల్లబడిపోతుందని మా అత్తగారికి టెన్షన్. ఏం చేయమంటారు?

అమ్మా, చేర్చండి. ట్యూషన్ ఎక్కడికీ పోదు. ఎండకు సన్‌స్క్రీన్ ఉంది. మీరు రాసినదాంట్లో నన్ను పట్టుకున్న మాట 'నోరు విప్పడం లేదు' అన్నది. మా అమ్మాయి గురించి కూడా టీచర్ అదే చెప్పింది. నేను సంతోషించాను. మన దగ్గర అల్లరి చేయని పిల్ల అంటే మంచి పిల్లే కదా!

మేం 2003 ఆగస్టులో వచ్చాం. పాపకు అప్పుడు తొమ్మిదేళ్లు. లంచ్ బాక్సు రోజూ సగం నిండుగా ఇంటికి వచ్చేది. పులిహోర తినడానికి సిగ్గుపడుతోందేమోనని శాండ్‌విచ్ పెట్టాను. అదీ అలాగే వచ్చింది. డిసెంబరులో ఒకరోజు మధ్యాహ్నం పూట స్కూలుకు వెళ్లాల్సి వచ్చి చూశాను. పొడుగాటి బల్ల చివర ఒక్కతే కూర్చుని, డబ్బా మూత మీద గోటితో గీతలు గీస్తోంది. ఆకలి లేక కాదమ్మా, ఒక్కతే తినబుద్ధి కాక. డబ్బు ఇబ్బందులు మేమూ పడ్డాం, వీసా టెన్షన్లు పడ్డాం, అన్నీ గట్టెక్కాయి. ఆ బల్ల మాత్రం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

అయినా నేనేం చేశాను? శనివారం కూచిపూడి, ఆదివారం తెలుగు క్లాసు, వారం మధ్యలో మ్యాథ్స్. అన్నీ మంచివే, వద్దనను. కానీ సోమవారం ఆ బల్ల చుట్టూ కూర్చునే పిల్లల్లో ఒక్కరూ వాటిలో లేరు. ఈ చిన్న సంగతి నాకు తలకెక్కడానికి దాదాపు ఏడాది పట్టింది. కొత్తగా వచ్చినవాళ్లు ఇప్పటికీ ఇదే చేస్తున్నారు. చెబితే 'మా పాప వేరండీ' అంటారు.

మాది ఆమదాలవలస వైపు. 2000 సెప్టెంబరులో సిడ్నీలో కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మా పక్క ఊసవానిపేట పిల్లేనని వీధివీధికీ చెప్పుకున్నాం. అలాంటి ఊరి నుంచి వచ్చి, సొంత కూతురు బంతి అడిగితే 'ఆటలు మనకెందుకు' అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా బాధేస్తుంది.

మరుసటి ఏడు ఒప్పుకున్నాను కానీ, ఇంకో తప్పు చేశాను. చేర్చేదేదో పెద్దదాంట్లోనే చేర్చాలని, బంతి ఎన్నడూ తన్నని పిల్లను నేరుగా ట్రావెల్ టీమ్ ట్రైఅవుట్స్‌కు, అంటే ఊరూరా తిరిగి పోటీలాడే టీముకు పిల్లల్ని ఎంచుకునే పరీక్షకు, తీసుకెళ్లాను. ఏడాదికి వేల డాలర్లు తీసుకునే టీములవి. చొక్కాకు నంబరు కాగితం పిన్నుతో పెట్టి గంటన్నర పరుగెత్తించారు. పేరు రాలేదు. దారి పొడుగునా కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. మీరు ఆ పని చేయకండి. సిటీ పార్కుల వాళ్లు నడిపే రిక్రియేషన్ లీగ్ ఉంటుంది, లేదంటే 1964 నుంచీ ఉన్న ఏవైఎస్ఓ అనే పిల్లల సాకర్ సంస్థ లాంటివి ఉంటాయి. వాటిలో ట్రైఅవుట్స్ ఉండవు. ఏవైఎస్ఓలో అయితే ప్రతి పిల్లనీ కనీసం సగం ఆటైనా ఆడించాలన్నది నియమం. బెంచీ మీద కూర్చునే పిల్లకు ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి?

మొదటి ప్రాక్టీసుకు షిన్ గార్డులు, అదే మోకాలి కింద దెబ్బ తగలకుండా పెట్టుకునే బిళ్లలు, మేజోళ్ల పైన కట్టి పంపాను. లోపల పెట్టుకోవాలని నాకెవరు చెప్పారు? గ్రౌండులో మా పిల్ల ఒక్కదానికే తెల్లటి ప్లాస్టిక్ బయటికి కనిపిస్తోంది. అంతలో బంగారు జడల పిల్ల ఒకతి గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని, మాటా పలుకూ లేకుండా మా పాప మేజోడు కిందికి లాగి, గార్డు లోపలికి తోసి, మేజోడు మళ్లీ పైకి లాగింది. రెండో కాలు మా పాపే చేసుకుంది. సోమవారం ఆ పిల్ల స్కూలు బల్ల దగ్గర పక్కకు జరిగి చోటిచ్చింది. ఆ రోజు డబ్బా ఖాళీగా వచ్చింది.

మూడో మ్యాచ్‌లో అనుకుంటా, 'ఐయామ్ ఓపెన్!' (నాకు అడ్డెవరూ లేరు, బంతి ఇటివ్వండి) అని గట్టిగా ఒక అరుపు వినిపించింది. ఎవరా అని చూస్తే మా పిల్లే. ఇంటి బయట దాని గొంతు అంత గట్టిగా వినడం నాకదే మొదలు. క్లాసులో తప్పు చెబుతానేమోనని చెయ్యెత్తని పిల్ల, ఆటలో బంతి కావాలంటే అరిచి తీరాలి. తప్పు తన్నినా తర్వాతి నిమిషంలో బంతి మళ్లీ తన దగ్గరికే వస్తుంది. నేను చూసిన ధైర్యం ఇదే.

ఇంటికి వచ్చేటప్పుడు కారులో 'ఆ బంతి ఎందుకు వదిలేశావు' అని మొదలుపెట్టకండి. నేను పెట్టాను. రెండు వారాలు కడుపునొప్పి అని ప్రాక్టీసు ఎగ్గొట్టింది. ఆకలేస్తోందా అని అడగండి చాలు.

పన్నెండో ఏట ఆడపిల్లలు మానేస్తామంటారు. పీరియడ్స్, పొట్టి నిక్కర్లు, ఎవరో ఏదో అన్నారని. అప్పుడు బలవంతపెట్టకండి, వదిలేయకండి కూడా. నిక్కరు కింద నల్ల లెగ్గింగ్స్ వేసుకోనిచ్చి, బ్యాగులో ప్యాడ్లు పెట్టి, కోచ్‌తో ఒక మాట చెప్పాను. టెక్సాస్‌లో ఏడో తరగతి నుంచి బడి టీములు మొదలవుతాయి. మా అమ్మాయి అప్పుడు క్రాస్ కంట్రీకి, అంటే ఆరుబయట దూరప్పరుగుకు, మారింది. చాలా బళ్లలో అందులో ఎవరినీ తీసేయరు. రెండు మైళ్లు పరుగెత్తేవాళ్లందరూ టీమే. డాక్టరు సంతకం పెట్టిన ఫారం కావాలి. మిగతా రూల్సు, ఫీజులు స్కూలు వెబ్‌సైట్లో చూసుకోండి. ఆడపిల్లలకు టీము లేదని ఎవరైనా అంటే, బళ్లలో ఆడా మగా తేడా చూపకూడదనే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ఉందని గుర్తుపెట్టుకోండి.

ఇక మీ సంగతి. ఇంట్లో ఒంటరిగా ఉంటున్నానని మీరు రాయలేదు కానీ, ఐదు నెలలంటే నాకు తెలుసు. మొదటి సీజనంతా ప్రాక్టీసులప్పుడు నేను కారులోనే కూర్చుని, ఫోన్ కార్డు గీకి మా అమ్మకు ఫోన్ చేసేదాన్ని. అద్దంలోంచి ఆట కనిపించేది, మాటలు వినిపించేవి కావు. అవతల పది మంది తల్లులు వరసగా కూర్చుని కబుర్లు చెప్పుకుంటుండేవాళ్లు. రెండో సీజన్లో ఒకావిడ వచ్చి అద్దం మీద తట్టి, ఇంటికి వెళ్లేటప్పుడు తన కూతుర్ని కూడా దింపగలవా అని అడిగింది. ఆవిడ ఇప్పటికీ మా ఇంటికి దీపావళికి వస్తుంది. మీరు అంతవరకూ ఆగకండి. డిక్కీలో మడత కుర్చీ ఒకటి పెట్టుకుని వెళ్లి, వాళ్ల వరసలోనే వేసుకోండి.