సమాధానం: బెల్టు మార్చాక వస్తున్న ఈల శబ్దం

టైమింగ్ బెల్టు (ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ నుంచి క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పే పళ్ల బెల్టు) మార్చినప్పటి నుంచి ఇంజిన్ వేగంతోపాటు పెరిగే ఈల వంటి శబ్దం వస్తోందని మీరు రాశారు. బెల్టు అతిగా బిగిసినప్పుడు సాధారణంగా వచ్చే శబ్దం అదే. వదులుగా ఉంటే కవరుకు కొట్టుకుని టపటపమంటుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక టెన్షనర్ (బెల్టును బిగువుగా ఉంచే కప్పీ) బోల్టును సడలించి, టెన్షనర్ మీది సూచిక గాడికి ఎదురుగా వచ్చేలా సర్ది, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (బోల్టును తిప్పి బిగించే బలానికి) బిగించండి. ఆ తర్వాత క్రాంక్‌షాఫ్ట్‌ను (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసును) స్పానరుతో, ఇంజిన్ తిరిగే దిశలోనే 2 పూర్తి చుట్లు తిప్పి (స్టార్టర్ జోలికి మాత్రం పోవద్దు), టైమింగ్ గుర్తులనూ (రెండు షాఫ్ట్‌లూ సరైన స్థానంలో ఉన్నాయని చూపే గీతలు) సూచికనూ మళ్లీ చూడండి. ఆ 2 చుట్లకు క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) ఒక చుట్టు పూర్తిచేసేసరికి బెల్టులో అక్కడక్కడా మిగిలిన వదులు సర్దుకుంటుంది కనుక, మొదట సరిగ్గా కనిపించిన బిగువు ఇప్పుడు మారి ఉండవచ్చు. బెల్టును వేళ్లతో 90 డిగ్రీలు మెలిపెట్టి చూసే పాత పద్ధతి స్థూలమైన అంచనాకే పనికొస్తుంది. సూచిక ఉన్న టెన్షనర్ విషయంలో దాన్ని నేను నమ్మను.